ఇంకా పెట్టలేదా?

తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అన్న సామెత కట్టినవాడు పెరట్లో కోళ్ళను పెంచి చెడినవాడే అయ్యుంటాడని కోళ్ళమ్మ గట్టి నమ్మకం. ఆమెకు అసలు పేరు వేరే ఉంది. మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది కాబట్టి మొన్నమొన్నటిదాకా వీధిలో అందరూ మందులమ్మ అనేవారు. పెరట్లోకి ఆరు పెట్టలు దిగాక ఆ పేరు పోయి ఈ పేరు వచ్చింది. పేరు మారినందుకు ఆమెకు బాధ లేదు. పేరు తెచ్చిన కోళ్ళు గుడ్లు పెట్టకపోవడమే బాధ.

మొదట్లో బాగానే పెట్టాయి. గూటి తలుపు తీస్తే గడ్డిలో నాలుగో అయిదో గుడ్లు వెచ్చగా చేతికి తగిలేవి. ఇంట్లోకి రెండు ఉంచుకుని మిగతావి పక్కిళ్ళకు అమ్మేది. ఆ డబ్బుతో దాణా వచ్చేది, దాణాతో మళ్ళీ గుడ్లు వచ్చేవి. బండి తనంతట తనే నడుస్తున్నట్టుండేది. స్కూలు బస్సు నడిపే మొగుడు మొదటిరోజే మీసం కింద నవ్వుతూ ఒక మాట అన్నాడు.

"కోళ్ళు నీ సరదా. మేపే ఖర్చు కూడా నీదే. నా జేబు జోలికి మాత్రం రాకు."

"వాటి తిండి అవే సంపాదించుకుంటాయి. మీ చిల్లిగవ్వ కూడా నాకక్కర్లేదు," అని ఆమె కూడా పౌరుషంగా అనేసింది. పౌరుషంగా అన్న మాటలతో వచ్చిన చిక్కేమిటంటే, అవతలివాళ్ళు వాటిని మరిచిపోరు.

ఆ ఇంట్లో ప్రతిదీ ఎవరో ఒకరు ముందే తేల్చేసిందే. ఏ వీధిలో ఉండాలో, గోడలకు ఏ రంగు వెయ్యాలో, ఆమె ఏ షాపులో పని చెయ్యాలో అన్నీ ఎవరో చెప్పినవే. కోళ్ళు మాత్రం ఆమె తెచ్చుకున్నవి, ఆమె గూడు కట్టించుకున్నవి. సాయంత్రం షాపు నుంచి వచ్చి పెరటి తలుపు తియ్యగానే ఆరూ రెక్కలు విదిలించుకుంటూ కాళ్ళకు అడ్డం పడేవి. వాటిలో పెద్దది, దొరసాని అని పిలిచేది, ఏకంగా చెప్పు మీద ఎక్కి నిలబడేది. రోజంతా నిలబడి మందుచీటీలు చదివిన అలసట అప్పుడు దిగేది. వాటిని ఆమె నిజంగానే ప్రేమించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

ఎండలు ముదిరే వేళకు గుడ్లు తగ్గడం మొదలైంది. నాలుగు మూడయ్యాయి, మూడు ఒకటయింది. సరిగ్గా అప్పుడే దాణా ధర పెరిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

ఆ వేసవిలోనే మామగారు కూడా వచ్చి చేరారు. అత్తగారు పోయాక ఆయన పెద్దకొడుకు దగ్గరుండేవారు. వాళ్ళు కొత్త ఇంటికి మారినప్పుడు అన్నిటికీ చోటు కుదిరింది గానీ ఆయన మంచానికి కుదరలేదు. ఒక ట్రంకు పెట్టె, ఒక గొడుగు పట్టుకుని ఇటు వచ్చారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ రైలు గేటు దగ్గరే. రైలొస్తుందంటే గేటు వెయ్యడం, పోయాక తియ్యడం, గేటు దగ్గర ఆగినవాళ్ళు ఏం తిట్టినా నోరు మెదపకుండా ఊరుకోవడం. ఆ అలవాటు ఆయనకు అలాగే ఉండిపోయింది. ఏది చెప్పినా ఎందుకని అడగకుండా చేసేవారు.

పగలు ఇంట్లో ఒక మనిషి ఉండడం ఒకందుకు మంచిదే అనుకుంది కోళ్ళమ్మ. పిల్లులు రాకుండా ఉంటాయి.

"మావయ్యా, కోళ్ళని కాస్త చూస్తూ ఉండండి," అని మొదటిరోజే చెప్పింది.

"అలాగేనమ్మా," అన్నారాయన. అప్పటినుంచి పెరటి మెట్టు ఆయన ఉద్యోగమైపోయింది.

కోళ్ళమ్మ తెల్లవారగానే, ఆయన ఇంకా నడకకు వెళ్ళిరాకముందే, దాణా కొలిచి తొట్టిలో పోసేది. అవి రెప్పపాటులో ఊడ్చేసేవి. తర్వాత వంటింట్లో యుద్ధం మొదలు. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో మొగుడి డబ్బా మూత, కళ్ళు గోడ గడియారం మీద. ఆ హడావుడిలో కిటికీలోంచి పెరట్లోకి ఒక్క కేక వేసేది.

"ఇంకా పెట్టలేదా?"

మెట్టు మీద నుంచి మెల్లగా జవాబు వచ్చేది. "లేదమ్మా."

"ఛీ! కూర్చుని తినడం తప్ప ఈ పెరట్లో ఒక్కరికీ ఇంకో పని లేదు!"

మామగారు మాట్లాడేవారు కాదు. కోళ్ళ తరఫున ఆయనేం చెప్తారు పాపం అనుకుని ఆమె చెప్పులేసుకుని పరుగెత్తేది. సాయంత్రం వచ్చాక కూడా వీధి తలుపు తీస్తూనే అదే కేక, అదే జవాబు, ఆ వెనకే అంతకంటే గట్టి విసుగు. "ఇంతింత ధర పెట్టి మేపుతున్నది ఎందుకట? ముఖం చూసుకోవడానికా?"

ఇలా ఉండగా దాణా డ్రమ్ము ఉండాల్సినదానికంటే తొందరగా ఖాళీ అవుతున్నట్టు ఆమెకు తోచింది. పదిహేను రోజులు రావాల్సిన బస్తా వారానికే అడుగంటింది. గుడ్లు పెట్టడం మానేసిన కోళ్ళు రెట్టింపు తినడమేమిటి? ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఖాళీ బస్తా మడిచి చంకలో పెట్టుకుని నేరుగా దాణా కొట్టుకు వెళ్ళింది.

"తూకం తక్కువేశారు," అంది, కొట్లో జనం ఉన్నారని కూడా చూడకుండా.

దాణా కొట్టాయన కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసుకున్నాడు. "కాటా మీద మీ కళ్ళముందేగా పెట్టానమ్మా?"

"అయితే వారానికే ఎలా అయిపోయింది?"

"నన్నడిగితే ఎలా? తిన్నది మీ కోళ్ళు. మా ఇంట్లో కోళ్ళు కూడా లేవు."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ముఖం కందగడ్డలా అయింది. పోనీ కొంచెం తగ్గించి ఇవ్వండి అని అడగాల్సివచ్చింది, తిట్టిన నోటితోనే.

"మొక్కజొన్న పెరిగిందమ్మా. సోయా పెరిగింది. లారీ కిరాయి పెరిగింది."

"జీతం ఒక్కటే పెరగలేదు," అంది కోళ్ళమ్మ. అది మాత్రం కొట్లో అందరూ ఒప్పుకున్నారు.

ఇంటికొచ్చి డ్రమ్ముకు తాళం వేసింది. ఎలుకలో, పక్కింటి పావురాలో, లేక మొగుడే ఆటపట్టించడానికి తీస్తున్నాడో, ఎవరైతేనేం, ఇక పప్పులుడకవు. తాళంచెవి తాళిబొట్టంత భద్రంగా మెళ్ళో గొలుసుకు తగిలించుకుంది. అంతటితో ఆగలేదు. దాణా సగానికి తగ్గించి, మిగతా సగానికి నూకలు, తవుడు, గానుగ దగ్గర దొరికే వేరుశెనగ చెక్క, ఎండుచేపల పొడి తెచ్చి తానే కలపడం మొదలుపెట్టింది. ఇల్లంతా చేపల కంపు. పెంకు గట్టిపడాలంటే సున్నం ఉండాలని, గుడ్డు పెంకులు వేయించి పొడి చేసి కలపమని పక్కింటావిడ చెప్పింది. పెంకులకైనా ముందు గుడ్లుండాలి కదా! గుడ్ల కోసం కోళ్ళను పెంచుకుంటున్న మనిషి పెంకుల కోసం సంచీ పట్టుకుని హోటలు వెనక నిలబడింది. ఆ రోజు ఆమె తనను తాను తిట్టుకున్న తిట్లు కోళ్ళకు కూడా తగలలేదు.

ఒకవైపు ఖర్చు పెరిగితే ఇంకోవైపు తగ్గించాలి. అందుకని ఇంటి వంట కూడా కొలిచి వండడం మొదలైంది. ముగ్గురు మనుషులు, మూడు కొలతలు, ఒక్క మెతుకు మిగలకూడదు. గిన్నె అడుగు తళతళలాడుతూ కనిపిస్తే ఆమెకు లెక్క గెలిచినంత తృప్తి. మామగారి మధ్యాహ్నం భోజనం కంచంలో వడ్డించి మూతపెట్టి షాపుకు వెళ్ళేది. రెండో పూట ఆయన పొద్దుగుంకకముందే తినేసేవారు, అదీ ఇంట్లో కాదు, పెరటి మెట్టు మీద. "అక్కడ గాలి బాగుంటుందమ్మా," అనేవారు. కంచం తుడిచినంత శుభ్రంగా తిరిగొచ్చేది.

"మీ నాన్నకి నా వంట తెగ నచ్చింది," అని ఆమె మొగుడితో గొప్పగా చెప్పుకుంది కూడా.

ఇన్ని చేసినా కోళ్ళు మాత్రం పెట్టలేదు. చూస్తే ఏ జబ్బూ లేదు. ఈకలు నిగనిగలాడుతున్నాయి, నడక బరువుగా, దర్జాగా ఉంది. షాపులో డాక్టరుగారి చీటీలన్నీ చదవగలిగిన ఆమెకు తన ఇంటి కోళ్ళ సంగతి అంతుపట్టలేదు. చీటికిమాటికి కోపం వచ్చేది. గిన్నెలు పెద్ద చప్పుడుతో కిందపడేవి.

చివరికి ఒకరోజు మొగుడు తేల్చేశాడు.

"ఆదివారం చికెన్ కొట్టాయన్ని రమ్మన్నా. వచ్చిన కాడికి ఇచ్చేద్దాం."

"నన్ను అడక్కుండానా?"

"నీ జీతం సగం వాటి పొట్టలో పోస్తున్నావు. చిల్లిగవ్వ అక్కర్లేదన్నావు, నిన్న పాలవాడికి నేనిచ్చా."

"ఎండలు తగ్గితే పెడతాయండీ."

"కోడిగుడ్డుకి ఈకలు పీకకు. పెట్టట్లేదంటే పెట్టట్లేదు. ఆదివారం లోపు పెడితే ఉంచుకో, నేనేం అనను."

ఆమె గుడ్లురిమి చూసింది. కానీ అతను అన్నదాంట్లో తప్పేం లేదు, అదే ఆమెను ఎక్కువ మండించింది. ఆ వారమంతా ఆమె కిటికీ దగ్గరే వేలాడింది. ఇంకా పెట్టలేదా, ఇంకా పెట్టలేదా అని పూటకు రెండుసార్లు, మూడుసార్లు. గొంతు రోజురోజుకూ పెరిగింది. మామగారు లేదమ్మా అన్నప్పుడల్లా గబుక్కున మెట్టు దిగి కోళ్ళవైపు వెళ్ళేవారు. గూడు చూడడానికి అనుకునేది. పాపం పెద్దాయనకు కూడా ఎంత ఆత్రమో అనుకుని ఒక్క క్షణం ముచ్చటపడేది, మరుక్షణం మళ్ళీ విసుక్కునేది. శనివారం సాయంత్రం దొరసాని వచ్చి చెప్పు మీద నిలబడితే దాని బరువుకు వేళ్ళు నొప్పెట్టాయి. ఆమెకు ఏడుపొచ్చింది.

"తిని కూర్చున్నావు కదే," అంది దానితో. "నేనేం చెయ్యను ఇప్పుడు?"

ఆదివారం పొద్దున చికెన్ కొట్టాయన వెదురు గంపతో, వేలాడే కాటాతో వచ్చాడు. మొగుడు కుర్చీ వేశాడు. మామగారు ఎప్పటిలాగే మెట్టు మీద కూర్చుని ఉన్నారు. కోళ్ళమ్మ పెరటి గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుంది. చూడకుండా ఉండలేకపోయింది, అలాగని చూడనూ లేకపోయింది.

కొట్టాయన దొరసానిని కాళ్ళు పట్టి కాటాకు తగిలించాడు. ముల్లు చూసి "అబ్బో!" అన్నాడు. దించి, దాని తోక కింద, పొట్ట దగ్గర వేళ్ళతో నొక్కి చూశాడు. ఇంకో దాన్ని పట్టి అలాగే చూశాడు.

"అమ్మా, ఇవి గుడ్ల జాతి. ఇంత బరువుండకూడదు. పొట్టంతా కొవ్వే, ఇక గుడ్డు ఎక్కణ్ణుంచి దిగుతుంది? ఏం పెడుతున్నారు వీటికి?"

"కొలిచి పెడుతున్నానయ్యా. అది కూడా సగం చేశా."

"సగం తిన్న కోళ్ళు ఇలా ఉండవు. ఎవరో అన్నం దండిగా పెడుతున్నారు."

ఆమె మొగుడివైపు తిరిగింది. "మీరేనా?"

"నేనా? కందకి లేని దురద కత్తిపీటకెందుకు? నా టిఫిన్ డబ్బాలోనే మెతుకు మిగలట్లేదు, నీ కొలతల పుణ్యమా అని."

అప్పుడు మెట్టు మీద నుంచి మామగారు లేచి నిలబడ్డారు. పై అధికారి తనిఖీకి వస్తే నిలబడినట్టు, చేతులు ముందుకు కట్టుకుని.

"నేనేనమ్మా పెట్టింది. ఒక్క పూట కూడా మానలేదు. నువ్వు అడిగితేగానీ గుర్తొచ్చేది కాదు, వయసైపోయింది కదా. కానీ అడిగిన వెంటనే పెట్టేసేవాణ్ణి."

"నేనడిగానా? ఎప్పుడు?"

"రోజూ అడుగుతావు కదమ్మా. ఇంకా పెట్టలేదా అని."

మొగుడు పగలబడి నవ్వాడు. కొట్టాయన గంప మీద చెయ్యేసి ఊగిపోయాడు. కోళ్ళమ్మకు కూడా నవ్వాగలేదు. నెల్లాళ్ళ విసుగంతా ఒక్కసారి కట్ట తెగినట్టయింది.

"అయ్యో మావయ్యా! నేనడిగింది గుడ్లు! కోళ్ళు ఇంకా గుడ్లు పెట్టలేదా అని! మీరు మేత పెట్టలేదా అని కాదు!"

"ఓహో," అన్నారాయన. ఆయన కూడా నవ్వబోయారు. "అదా. నేను నన్నే అనుకున్నా."

డ్రమ్ము ఎందుకు తొందరగా ఖాళీ అయ్యిందో ఇప్పుడు తెలిసింది. దాణా కొట్టాయనకు క్షమాపణ చెప్పుకోవాలి, అది వేరే సంగతి అనుకుంటూ కళ్ళు తుడుచుకుంటుండగా గొలుసుకున్న తాళంచెవి ఆమె వేలికి తగిలింది. నవ్వు అక్కడే ఆగింది.

"మరి డ్రమ్ముకి తాళం వేశా కదా మావయ్యా? ఆ తర్వాత ఏం పెట్టారు?"

ఆయన కోళ్ళవైపు చూశారు.

"చెప్పండి."

"నా కంచంలోదేనమ్మా." మాట చాలా మెల్లగా వచ్చింది. "డ్రమ్ముకేమో తాళం వేశావు. పెట్టలేదా అని మాత్రం అడుగుతూనే ఉన్నావు. అంటే నా వాటాలోంచి పెట్టమంటున్నావు కాబోలు అనుకున్నా. అందులో అన్యాయం ఏముంది? కూర్చుని తినేవాణ్ణే కదా."

మొగుడి నవ్వు కూడా ఆగిపోయింది. కొట్టాయన కాటా మడుచుకోవడం మొదలుపెట్టాడు, ఎవరూ వెళ్ళమనకపోయినా.

కోళ్ళమ్మ మామగారిని చూసింది. రోజూ చూస్తున్న మనిషే. చొక్కా భుజాల మీద నుంచి జారిపోతోంది, మెడ దగ్గర కాలరులో ఇంకో మెడ పట్టేంత ఖాళీ ఉంది. కోళ్ళ ఈకలు నిగనిగలాడడం కనిపెట్టిన కళ్ళకు ఇది కనబడలేదు. కూర్చుని తినడం తప్ప ఇంకో పని లేదని, ముఖం చూసుకోవడానికి మేపుతున్నానా అని, తను కిటికీలోంచి విసిరిన మాటలన్నీ ఆ మెట్టు మీద ఎవరికి తగిలాయో తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయింది. సిగ్గు ఆమెకు కోపంగానే బయటికొచ్చింది.

"అడగచ్చు కదా మావయ్యా! చాలట్లేదమ్మా అని ఒక్క మాట చెప్పచ్చు కదా!"

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నదున్నట్టు చెప్పారు.

"కోళ్ళకి ఒక పూట ఆలస్యమైతేనే అంత కోపమొచ్చే ఇంట్లో, నాకింకొంచెం పెట్టమని ఎలా అడగనమ్మా?"

ఆమె గిరుక్కున లోపలికి తిరిగింది. వెనక నుంచి మొగుడు కొట్టాయనతో అంటున్నాడు, "నువ్వెళ్ళిరా. తప్పు కోళ్ళది కాదుగా, ఉంటాయిలే." ఆ మాట కోసమే వారం రోజులుగా ఆమె కిటికీ పట్టుకుని వేలాడింది. ఇప్పుడది చెవినే పడలేదు.

వంటింట్లోకి వెళ్ళి గిన్నె మూత తీసింది. మధ్యాహ్నానికని పొద్దున్నే వండి పెట్టిన అన్నం, సరిగ్గా మూడు కొలతలు, అంతకు ఒక్క మెతుకు ఎక్కువ లేదు. దాన్ని పక్కకు నెట్టి, పెద్ద గిన్నె దించి, డబ్బాలోంచి బియ్యం కొలవకుండా దోసిళ్ళతో పోసింది. కొన్ని నేల మీద పడ్డాయి. అలాగే వదిలేసింది. పొయ్యి వెలిగించి, అన్నం ఉడికేలోగా కూర వేడి చేసి, మామగారిని లోపలికి పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆయన అలవాటుగా గుమ్మంవైపు చూశారు. కోళ్ళు ఆరూ అప్పటికే గడప దగ్గర మెడలు చాచి నిలబడి ఉన్నాయి. ఆయన చెయ్యి కంచంలో అన్నాన్ని రెండు భాగాలు చెయ్యబోయింది.

కోళ్ళమ్మ వెళ్ళి పెరటి తలుపు మూసేసింది.

"తినండి," అంది. గొంతు ఇంకా కటువుగానే ఉంది, ఏం చేసినా మెత్తబడలేదు.

ఆయన తలొంచుకుని తిన్నారు. తొందరగా తిన్నారు. కంచం సగమయ్యేసరికి ఆమె అడక్కుండానే మళ్ళీ గరిటెతో అన్నం తీసి వెయ్యబోయింది. రెండోసారి వడ్డించేటప్పుడు ఆకలి ఉన్నా లేకపోయినా ఎవరైనా చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలంటారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు.